డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: కోర్టులో నేరం ఒప్పుకోవాలా, వాదించాలా?

చందానగర్ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. గత శనివారం రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో ఒక విందు నుంచి కారు నడుపుకుంటూ తిరిగి వస్తుండగా నగరంలోని ఒక కూడలి దగ్గర పోలీసులు ఆపి బ్రీత్ ఎనలైజర్‌లో ఊదించారు. రీడింగు 78 అని వచ్చింది. ప్రమాదమేమీ జరగలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు, ఇంతకుముందు అతని మీద ఏ కేసూ లేదు.

కారు నా పేరు మీద ఉంది. పక్క సీట్లో ఉన్న స్నేహితుడు ఆ రోజు మద్యం ముట్టలేదు, అతని దగ్గర లైసెన్సు కూడా ఉంది. అయినా కారు అతని చేతికి ఇవ్వకుండా స్టేషనుకు తరలించారు. తమ్ముడి లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రావాలనీ, ఆ తర్వాత కోర్టులో హాజరు కావాలనీ చెప్పి ఆ రాత్రే పంపించేశారు. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లలేదు, రక్తం తీసుకోలేదు. మరునాడు ఉదయం పది గంటలకు మేమే ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్ష చేయించాం. అందులో ఆల్కహాల్ లేదని వచ్చింది.

నా సందేహాలివి. ఆ ల్యాబు రిపోర్టు కోర్టులో పనికొస్తుందా? కారును అలా ఆపి ఉంచే అధికారం పోలీసులకు ఉందా? లైసెన్సు ఎప్పుడు తిరిగి వస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టేయడం మంచిదా, వకీలును పెట్టుకుని వాదించడం మంచిదా? తమ్ముడు వచ్చే సీజనుకు అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి సిద్ధమవుతున్నాడు కాబట్టి ఈ చివరి ప్రశ్న మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:

ఇందులో ఇంత ఆలోచించవలసింది ఏమీ లేదండీ. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి ఇలాగే జరిగింది. కౌన్సెలింగ్‌కు వెళ్లి, చెప్పిన రోజున కోర్టుకు వెళ్లి, తాగానని ఒప్పుకుని, జరిమానా కట్టి మధ్యాహ్నానికల్లా బయటికి వచ్చేశారు. ఇది కూడా ఒక పెద్ద చలానా లాంటిదే. వాదిస్తామంటే వాయిదాల చుట్టూ తిరగడం, వకీలు ఫీజు తప్ప మిగిలేది ఉండదు. రీడింగు 78 ఉన్నప్పుడు ఏం వాదిస్తారు?

నాంపల్లి న్యాయవాది:

పై సమాధానంలో చివరి వాక్యం చాలావరకు నిజమే గానీ, "పెద్ద చలానా లాంటిదే" అన్న మాట మాత్రం నిజం కాదు. చాలామంది నష్టపోయేది సరిగ్గా ఆ మాట నమ్మడం వల్లనే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లో పోలీసులు అక్కడికక్కడ రుసుము కట్టించుకుని ముగించగల నేరాలు ఏవేవో 200వ సెక్షను చెబుతుంది. హెల్మెట్, సీటు బెల్టు, అతివేగం వంటివి అందులో ఉన్నాయి. మద్యం తాగి నడపడానికి సంబంధించిన 185వ సెక్షను అందులో లేదు. అంటే ఈ కేసు తప్పనిసరిగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాలి. అక్కడ ఒప్పుకుని కట్టే పది వేలు చలానా రుసుము కాదు, ఒక క్రిమినల్ నేరంలో దోషిగా నిర్ధారణ అయ్యాక పడిన శిక్ష. 2019 సవరణ తర్వాత మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. సవరణకు ముందు మొదటి నేరానికి జరిమానా 2,000 వరకే ఉండేది. జైలు ఏ మేజిస్ట్రేటూ వేయరన్న భరోసా ఎవరు ఇచ్చినా నమ్మకండి, రీడింగు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు మొదటిసారికే కొద్దిరోజుల జైలు పడిన సందర్భాలు నగరంలో ఉన్నాయి.

ఇక మీ ల్యాబు రిపోర్టు సంగతి. అది పనికిరాదు, పైగా పట్టుబట్టి దాఖలు చేస్తే మీ వాదన మీద నమ్మకం తగ్గుతుంది. మనిషి శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆల్కహాల్‌ను తగ్గిస్తుంది, కొందరిలో కొంచెం ఎక్కువ, కొందరిలో తక్కువ. రాత్రి పదకొండింటికి 78 ఉన్న వ్యక్తికి తెల్లవారుజాము నాలుగైదు గంటలకల్లా దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి ఉదయం పదింటికి లేదని రావడం రాత్రి రీడింగును ఏ విధంగానూ ఖండించదు. చట్టం నిషేధించేది నడుపుతున్న సమయంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటడాన్ని.

వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లలేదన్న విషయం మీద మీకు చాలామంది ఆశ కల్పిస్తారు. 202వ సెక్షను ప్రకారం ఈ నేరం కింద అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, చేయించకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. సెక్షను చెబుతున్న ఫలితం విడుదల, అంతే తప్ప కేసు కొట్టివేత కాదు. అదీగాక మీ తమ్ముడిని అరెస్టు చూపించారా, లేక కేవలం నోటీసు ఇచ్చి పంపించారా అన్నది మీరు చెప్పిన దాన్నిబట్టి తేలడం లేదు. చేతిలో ఉన్న కాగితాలు ఒకసారి జాగ్రత్తగా చదవండి, ఈ ప్రశ్న తర్వాత వీసా దగ్గర కూడా ఎదురవుతుంది. అరెస్టు చేసి ఉంటే కారణాలు చెప్పించుకునే హక్కు, బంధువుకు కబురు పంపించుకునే హక్కు, న్యాయవాదిని సంప్రదించే హక్కు అతనికి ఉన్నాయి. ఇది బెయిలబుల్ నేరం కాబట్టి బెయిలు దయ కాదు, హక్కు. స్టేషనులోనే ఇవ్వాలి.

అయితే ఊదడానికి నిరాకరించడం హక్కు కాదని కూడా ఇక్కడ చదివేవాళ్లు తెలుసుకోవాలి. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదన్న రాజ్యాంగ రక్షణ నోటితో చెప్పే వాంగ్మూలానికి వర్తిస్తుందే గానీ శరీరం నుంచి తీసుకునే నమూనాలకు వర్తించదని సుప్రీంకోర్టు 1961లోనే వేలిముద్రల విషయంలో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో తేల్చింది. నిరాకరిస్తే 203వ సెక్షను కింద అరెస్టు చేయవచ్చు. సరైన కారణం చూపకపోతే 205వ సెక్షను కింద ఆ నిరాకరణనే ప్రాసిక్యూషనుకు బలం చేకూర్చే పరిస్థితిగా కోర్టు భావించవచ్చు. అలా అరెస్టయిన వ్యక్తికి స్టేషనులో మరోసారి ఊదే అవకాశం ఇవ్వాలని అదే 203 చెబుతుంది. మొదటి రీడింగు మీద అనుమానం ఉన్నవాళ్లు అడగవలసింది అదీ, ప్రభుత్వ వైద్యుడి చేత రక్తపరీక్షానూ. అడిగినట్టు ఆ కాగితం మీదే రాయించుకుంటే ఇంకా మంచిది. మహిళ విషయంలో రక్తం తీసే వైద్యుడు పురుషుడైతే మరో మహిళ సమక్షంలోనే తీయాలి.

యంత్రం సంగతికి వస్తే, బ్రీత్ ఎనలైజర్ రక్తాన్ని కొలవదు. ఊపిరిలోని ఆల్కహాల్‌ను కొలిచి, రక్తంలో దానికి 2,100 రెట్లు ఉంటుందన్న లెక్కతో అంకె చూపిస్తుంది. నోట్లో అప్పుడే తాగిన మద్యం గానీ మౌత్‌వాష్ గానీ ఉంటే కొన్ని నిమిషాలపాటు అంకె తప్పుగా ఎక్కువ చూపించే అవకాశం ఉంది, అందుకే పావుగంట ఆగి మళ్లీ ఊదించడం సరైన పద్ధతి. యంత్రానికి కాలిబ్రేషన్ (కొలత సరిగా చూపుతోందో లేదో సరిచూడటం) గడువు దాటిందా, ప్రింటవుట్ మీద సమయం, యంత్రం సీరియల్ నంబరు ఉన్నాయా, ఆ నంబరే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మీద ఉందా అన్నవి నేను ఏ కేసులోనైనా మొదట చూస్తాను. 33, 36 వంటి అంకెల దగ్గర ఇవి కేసును మలుపు తిప్పగలవు. 78 దగ్గర అంత తేలిక కాదు. మద్యం వాసన వచ్చినంత మాత్రాన, నడక తడబడినంత మాత్రాన తాగినట్టు రుజువు కాదన్న 1971 నాటి సుప్రీంకోర్టు తీర్పును చాలామంది ఉదహరిస్తారు. అది వేరే చట్టం కింద, ఏ కొలతా లేని కేసులో వచ్చింది. ఇప్పటి 185వ సెక్షను బ్రీత్ ఎనలైజర్ పరీక్షను తన నిర్వచనంలోనే చేర్చుకుంది.

కారు విషయంలో మాత్రం మీ వాదన గట్టిది. 207వ సెక్షను కింద వాహనాన్ని ఆపి ఉంచే అధికారం లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేని సందర్భాలకు సంబంధించింది, మద్యం అందులో లేదు. తెలంగాణ హైకోర్టులో జస్టిస్ కె. లక్ష్మణ్ 2021 నవంబరులో ఇచ్చిన తీర్పు ఇదే చెప్పింది. తాగిన వ్యక్తిని నడపనివ్వకూడదు, నిజమే. కానీ వెంట తాగని వ్యక్తి లైసెన్సుతో ఉంటే వాహనం అతనికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఎవరూ రాకపోతే తాత్కాలికంగా భద్రమైన చోట ఉంచి, యజమాని గానీ ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపగానే ఇచ్చేయాలి. మీరు యజమాని కాబట్టి ఆర్‌సీ, ఆధార్, బీమా పత్రం తీసుకుని, ఆ తీర్పును ప్రస్తావిస్తూ ఒక అర్జీ రాసి, స్టేషను హౌస్ ఆఫీసరుకు ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. చాలాసార్లు అర్జీ చూడగానే పని అయిపోతుంది. కాకపోతే మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయవచ్చు.

ఒప్పుకోవాలా వద్దా అన్నదానికి సమాధానం ఇంకా చెప్పలేదని తెలుసు. వీసా వివరాలు తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పాక చెబుతాను.

రవాణా శాఖ విశ్రాంత ఉద్యోగి:

లైసెన్సు గురించి నేను చెప్పగలను, ఎందుకంటే కోర్టులో జరిమానా కట్టేసి "నా లైసెన్సు ఇచ్చేయండి" అంటూ ఆర్టీఏ కార్యాలయానికి వచ్చి కౌంటరు దగ్గర గొడవపడేవాళ్లను ఉద్యోగకాలమంతా చూశాను.

కోర్టు దారి వేరు, లైసెన్సు దారి వేరు. 2019 సవరణ 206వ సెక్షనుకు ఒక ఉపసెక్షను చేర్చింది. దాని ప్రకారం 185 కింద పట్టుబడిన వ్యక్తి లైసెన్సును పోలీసు అధికారి తీసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలి. ఇచ్చిన రసీదు లైసెన్సు తీసుకున్నట్టు రుజువే తప్ప నడపడానికి అనుమతి కాదు. ఈ ముక్క చాలామందికి తెలియదు, రసీదు చూపించి బండి నడుపుతూ మళ్లీ పట్టుబడతారు. అనర్హత అమల్లో ఉండగా నడిపితే 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

ఆ తర్వాత లైసెన్సింగ్ అధికారి నోటీసు ఇచ్చి మీ తమ్ముడి వాదన వినాలి. వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. కాబట్టి ఆ నోటీసును పక్కన పడేయకండి, తప్పకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి. మొదటి నేరమైతే కారణాలు రాసి మూడు నెలలు అనర్హత విధించవచ్చు, రెండోసారి అయితే లైసెన్సునే రద్దు చేయవచ్చు. మూడు నెలలు పూర్తయ్యాక కూడా రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి ఇస్తారు. ఉత్తర్వు తప్పనిపిస్తే ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మూడు నెలలకు తక్కువ కాకుండా సస్పెండ్ చేయాలని రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది కాబట్టి "ఈసారికి వదిలేయండి" అని అడిగితే వదిలేసే వెసులుబాటు అధికారులకు పెద్దగా ఉండదు.

కోర్టు తన తీర్పులోనే విడిగా అనర్హత విధించవచ్చు. రెండోసారి 185 కింద శిక్ష పడితే లైసెన్సు రద్దు చేయడం కోర్టు ఇష్టాయిష్టాల మీద ఆధారపడినది కాదు, చేసి తీరాలి.

అన్నట్టు, అమెరికా వెళ్లే పిల్లలు సాధారణంగా ఇక్కడ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళతారు. లైసెన్సు అనర్హతలో ఉండగా అది రాదు. ఆ మూడు నెలలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ప్రయాణం తేదీతో కలిపి ఇప్పుడే లెక్క చూసుకోండి.

చందానగర్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. కాగితాలు మళ్లీ చూశాను. అరెస్టు మెమో అంటూ ఏదీ లేదు. కోర్టుకు హాజరు కావాలన్న నోటీసు, లైసెన్సు రసీదు, రీడింగు ప్రింటవుట్ ఉన్నాయి. తమ్ముడికి పాస్‌పోర్టు ఇప్పటికే ఉంది, ఇంకా ఆరేళ్ల గడువుంది. వీసా ఇంటర్వ్యూ తేదీ ఇంకా తీసుకోలేదు. ఈ కేసు సంగతి వీసా దరఖాస్తులో చెప్పకపోతే వాళ్లకు తెలుస్తుందా అని ఇంట్లో ఒకరు అడుగుతున్నారు.

డాలస్ తెలుగువాడు:

ఇంట్లో ఆ ప్రశ్న అడిగినవారికి ముందు సమాధానం చెప్పండి. తెలుస్తుందా తెలియదా అన్నది అసలు లెక్కలోకి రాకూడదు. ఒక్కసారి తాగి నడిపిన కేసు ఉన్నంత మాత్రాన అమెరికా వీసాకు శాశ్వతంగా అనర్హులు కారు. ముఖ్యమైన విషయాన్ని దాచి, అబద్ధం చెప్పి వీసా తీసుకోవడానికి ప్రయత్నించినట్టు తేలితే మాత్రం అది శాశ్వత అనర్హత కిందికి వస్తుంది. చిన్న కేసును దాచబోయి పెద్ద కేసు తెచ్చుకోవడం అవుతుంది.

వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో మీరెప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టయ్యారా, లేదా దోషిగా తేలారా అని అడుగుతారు, క్షమాభిక్ష వంటిది దొరికినా చెప్పాలంటారు. అంటే అరెస్టు లేకపోయినా కోర్టులో నేరం ఒప్పుకున్న మరుక్షణం జవాబు "అవును" అవుతుంది. గత ఐదేళ్లలో మద్యానికి సంబంధించిన ఒక్క అరెస్టు గానీ శిక్ష గానీ ఉంటే, లేదా పదేళ్లలో రెండు ఉంటే, కాన్సులేటు దరఖాస్తుదారును తమ గుర్తింపు ఉన్న ప్యానెల్ వైద్యుడి దగ్గరికి పంపిస్తుంది. మద్యానికి అలవాటు పడిన లక్షణాలున్నాయా, దానివల్ల ఇతరులకు హాని కలిగే ప్రవర్తన ఉందా అని ఆయన పరీక్షిస్తారు. చాలామంది ఆ పరీక్ష దాటి వీసా తెచ్చుకుంటారు. కానీ దానికి వారాలు పట్టవచ్చు, సెమిస్టరు మొదలయ్యే తేదీ మీ కోసం ఆగదు. కాబట్టి ఇంటర్వ్యూ తేదీ వీలైనంత ముందుగా తీసుకోవాలి. కోర్టు ఉత్తర్వు, జరిమానా రసీదు వంటివాటి సర్టిఫైడ్ నకళ్లు సిద్ధంగా పెట్టుకోవాలి.

మరొక మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఇక్కడికి వచ్చాక ఇదే జరిగితే పరిణామాలు ఇంకా తీవ్రం. టెక్సస్‌లో పరిమితి 0.08, అంటే మన లెక్కలో 80. "మన దగ్గర 30, ఇక్కడ 80, కాబట్టి ఇంకా రెండు పెగ్గులు వేయవచ్చు" అనుకునే కుర్రాళ్లను చూశాను. 80 లోపు ఉన్నా నడిపే సామర్థ్యం తగ్గినట్టు పోలీసు అధికారికి కనిపిస్తే ఇక్కడ కేసు పెడతారు. ఇక్కడ అరెస్టయితే, కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే, వీసాను రద్దు చేసినట్టు ఈమెయిల్ రావచ్చు. దేశంలో చట్టబద్ధంగా ఉండటానికి ఆ ఒక్క రద్దే వెంటనే అడ్డం కాకపోయినా, ఒకసారి బయటికి వెళితే కొత్త వీసా లేకుండా తిరిగి రాలేరు. అక్క పెళ్లికి ఇండియా వెళ్లలేక వీడియోకాల్‌లో చూసిన విద్యార్థి నాకు తెలుసు.

బీమా సర్వేయరు:

ప్రమాదం జరగలేదు కాబట్టి బీమా ప్రశ్న ఇప్పుడు లేదు. కానీ కారు అన్నగారి పేరు మీద ఉందన్నారు కనుక రెండు ముక్కలు.

మోటారు పాలసీలో యజమాని కారుకు జరిగిన నష్టం తాలూకు భాగం మద్యం మత్తులో నడిపితే వర్తించదు. రక్తపరీక్ష చేయలేదు కాబట్టి మత్తు రుజువు కాలేదని తప్పించుకునే దారిని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో దాదాపు మూసేసింది. 2007లో ఢిల్లీలో ఒక పోర్షా కారు ఇండియా గేటు దగ్గర గుద్దుకుని తగలబడిపోయింది. రక్తంలో ఎంత ఉందో కొలవకపోయినా ఇతర పరిస్థితులను బట్టి మత్తును నిర్ధారించవచ్చని చెబుతూ కోర్టు బీమా సంస్థ పక్షాన తీర్పిచ్చింది. ఇతరులకు జరిగిన నష్టం విషయంలో కూడా, తన బాధ్యతను కాదనడానికి బీమా సంస్థ చూపగల కారణాలలో 185 కింది మత్తును సవరించిన చట్టం స్పష్టంగా చేర్చింది. బాధితులకు ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకొమ్మని ట్రిబ్యునళ్లు ఆదేశించిన సందర్భాలున్నాయి. ఇక్కడ యజమాని మీరు.

నాంపల్లి న్యాయవాది:

సర్వేయరు గారి మాటకు ఒక చేర్పు. తాగి ఉన్నాడని తెలిసి తాళాలు చేతికిచ్చిన వ్యక్తి మీద 188వ సెక్షను కింద ప్రోత్సహించిన నేరం పెట్టవచ్చు, శిక్ష అసలు నేరానికి ఉన్నదే. మీ విషయంలో విందుకు వెళ్లకముందే కారు తీసుకెళ్లాడు కాబట్టి ఆ భయం లేదు. ప్రాణం పోయి ఉంటే మాత్రం ఇది 185తో ఆగేది కాదు. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు ఒక కారు కింద పడి చనిపోయిన కేసులో నిర్లక్ష్యం సెక్షను ఒక్కటే కాక, హత్య కిందికి రాని నరహత్య సెక్షను కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. ఇప్పుడు ఆ నేరం భారతీయ న్యాయ సంహితలో 105వ సెక్షను.

ఇక మీ ప్రధాన ప్రశ్న. ప్రింటవుట్ ఫోటో నాకు పంపనవసరం లేదు, ఏ న్యాయవాదికైనా నేరుగా చూపించి యంత్రం నంబరు, సమయం, కాలిబ్రేషన్ తేదీ సరిచూడమనండి. వాటిలో స్పష్టమైన లోపం కనబడితే వాదించండి. లోపం లేకపోతే 78 రీడింగుతో, తాగని స్నేహితుడు పక్కనే ఉండి సాక్షి కాగల పరిస్థితిలో, గెలుపు మీద ఆశతో వాయిదాలు తిరగమని నేను సలహా ఇవ్వను. వాదిస్తే కేసు పెండింగులో ఉంటుంది. పెండింగు కేసు ఉందన్న కారణంతో కొత్త పాస్‌పోర్టును గానీ రెన్యువల్‌ను గానీ నిరాకరించే అధికారం పాస్‌పోర్టు చట్టంలో ఉంది, అప్పుడు కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. మీ తమ్ముడికి గడువు ఉంది కాబట్టి అది ఇప్పుడు అడ్డం కాదు గానీ, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అవసరమైతే పెండింగు కేసు అందులో బయటపడుతుంది.

అలాగని కూకట్‌పల్లి మిత్రుడు చెప్పినట్టు వెళ్లి ఒప్పుకుని రావడం కూడా కాదు. ఒప్పుకునేటప్పుడు న్యాయవాది చేత ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద దరఖాస్తు వేయించండి. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో, గతంలో శిక్ష పడని వ్యక్తిని మందలించి గానీ, సత్ప్రవర్తన బాండు మీద గానీ వదిలే అధికారం మేజిస్ట్రేటుకు ఈ చట్టం ఇస్తుంది. అది హక్కు కాదు, కోర్టు విచక్షణ. తాగి నడిపిన కేసుల్లో చాలామంది మేజిస్ట్రేట్లు ఇష్టపడరు. కానీ అడగనిదే ఎవరూ ఇవ్వరు. ఇస్తే దాని 12వ సెక్షను వల్ల, ఆ శిక్ష కారణంగా వేరే చట్టాల కింద వచ్చే అనర్హతలు అంటవు, రేపు ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నిస్తే అది ఎంతో ముఖ్యం. అయినా దోషిగా తేలిన వాస్తవం మాసిపోదు కాబట్టి వీసా ఫారంలోనూ, ఉద్యోగంలో చేరేటప్పుడు గత చరిత్ర గురించి నింపే అటెస్టేషన్ ఫారంలోనూ అడిగినప్పుడు చెప్పాల్సిందే. అటెస్టేషన్ ఫారంలో సమాచారం నిజంగా ఉండాలని, దాచడం వేరే దోషమని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. చిన్న నేరాన్ని నిజాయితీగా చెప్పినవాడిని యజమాని పరిగణించే తీరు వేరు.

ఒకసారి నేరం ఒప్పుకుంటే, ఆ నిర్ధారణ మీద అప్పీలుకు దారి ఉండదు. శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో మాత్రమే వెళ్లగలరు. అందుకే మొదటి వాయిదాకే న్యాయవాదితో వెళ్లండి, సమయం కావాలని అడిగితే సాధారణంగా ఇస్తారు. కౌన్సెలింగ్‌కు మీరు వెంట వెళ్లండి. గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో జరిగే ఆ తరగతికి హాజరు కావడం నేరం ఒప్పుకోవడం కాదు. అక్కడ ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే పూర్తిగా చదివి పెట్టండి. ఫీజు భరించలేని పాఠకులెవరైనా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు.

నోటీసులోని తేదీ దాటిపోయినా పట్టించుకోనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు వారెంటు వస్తుంది. ఇక పోలీసులు కోర్టులో ఇంకా ఫైలు చేయలేదని కనిపిస్తే కేసు పోయిందనుకోకండి, ఈ నేరానికి ఏడాదిలోపు ఎప్పుడైనా కోర్టు విచారణకు తీసుకోవచ్చు.

చందానగర్ వాసి:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. రేపు ఉదయం ఆర్‌సీ, అర్జీ తీసుకుని స్టేషనుకు వెళ్తున్నాను. స్నేహితుడిని కూడా రమ్మన్నాను, కారు అతను నడుపుకొస్తాడు. సోమవారం న్యాయవాదిని కలిసి ప్రింటవుట్ చూపించాక వీసా స్లాటు వెతుకుతాం.